టు-లెట్ బోర్డు: టీకా తాత్పర్య సహితము

అవతారిక

మా ఇంటి ఓనరుగారి అబ్బాయి అమెరికా నుంచి తిరిగొచ్చేస్తున్నాడు. మేమున్న ఫ్లాట్‌లోనే దిగుతాడట. "తొందరేం లేదండీ, జూన్ ఒకటికల్లా ఖాళీ చేస్తే చాలు" అని ఏప్రిల్ ఆఖర్లో సెలవిచ్చారాయన. అందుకని మే నెల ఎండల్లో మూడు ఆదివారాలు, తలకు తువ్వాలు చుట్టుకుని, నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి సందులన్నీ బండి మీద తిరిగి, గేట్లకు తీగతో కట్టిన బోర్డులు చదివాను. ఒకటి రెండు చదివినప్పుడు ఇందులో ఏముందిలే అనిపించింది. ముప్ఫయ్యో బోర్డు దగ్గర కళ్లు తెరుచుకున్నాయి. ఇవి వట్టి ప్రకటనలు కావు, సూత్రాలు. సూత్రమన్నాక అక్షరం తక్కువ, అర్థం ఎక్కువ. భాష్యం లేకుండా చదివినవాడు అడ్వాన్సు పోగొట్టుకుంటాడు.

వ్యాఖ్యానం రాయడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. కాళిదాసు కావ్యాలకు టీక రాసి దేశమంతటికీ పాఠం చెప్పిన కోలాచల మల్లినాథ సూరిది మెదక్ దగ్గరి కొల్చారం అంటారు. నిజాంపేటలో పొద్దున్నే బండి తీస్తే మధ్యాహ్నం భోజనానికి ఆ ఊరు చేరొచ్చు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. మొదటిది నేను పాటించలేను, ఎందుకంటే ఈ మూలంలో అసలు సంగతే లేదు. రెండోది పాటించే స్వభావం నాకు లేదు.

మూలము

టు-లెట్
2 బీహెచ్‌కే, ఈస్ట్ ఫేసింగ్, థర్డ్ ఫ్లోర్
సెమీ ఫర్నిష్డ్, లిఫ్ట్, కార్ పార్కింగ్, 24 గంటలు నీళ్లు
ఫ్యామిలీకి మాత్రమే. నో బ్రోకర్స్
సెల్:

పాఠ నిర్ణయము

సెల్ నంబరులో మొదటి ఎనిమిది అంకెలే దక్కాయి. చివరి రెండూ అకాల వర్షానికి కారిపోయాయి. తాళపత్ర ప్రతుల్లో చెదలు తిన్న చోటును గ్రంథపాతం అంటారు. ఇక్కడ సరిగ్గా నూరు పాఠాంతరాలకు వీలుంది. పైవరసలో ఇంగ్లీషు అక్షరాల మధ్య ఎవరో కుర్రాడు బొగ్గుతో ఒక 'ఐ' చేర్చాడు. అది ప్రక్షిప్తమని లోకమంతా ఎరుగును గనుక తీసేశాను.

ప్రతిపదార్థము

టు-లెట్ = అద్దెకు ఇయ్యబడునట్టి; 2 బీహెచ్‌కే = రెండు పడకగదులును ఒక హాలును ఒక వంటగదియును గల గృహము; ఈస్ట్ ఫేసింగ్ = తూర్పుమొగమై యుండునది (సూర్యుడు కనబడునని అర్థము కాదు); థర్డ్ ఫ్లోర్ = మూడవ అంతస్తునం దుండునది; సెమీ ఫర్నిష్డ్ = గోడలలో అరలును, ఆ అరలలో కొన్నింటికి తలుపులును గలది; లిఫ్ట్ = కరెంటు ఉన్నప్పుడు పైకిని, లేనప్పుడు నడుమను ఉండు పెట్టె; కార్ పార్కింగ్ = రెండు స్తంభముల నడిమి చోటు, ముందువాని కారు తీసిననే గాని మనది బయటికి రానిది; 24 గంటలు నీళ్లు = ముందు వివరింతుము; ఫ్యామిలీకి మాత్రమే = మరింత ముందు వివరింతుము; నో బ్రోకర్స్ = మధ్యవర్తి రాగూడదు, వచ్చెనా కమీషను అద్దెకు వచ్చువాని వద్దనే పుచ్చుకొనవలెను; సెల్ = పిలుచుటకు ఆనవాలు.

అద్దె = మూలమున లేదు.

వ్యాకరణ విశేషాలు

తెలుగు మాటలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని చిన్నయ సూరి నాలుగు పాళ్లు పంచిపెట్టాడు. 'బీహెచ్‌కే' ఈ నాలుగింట్లోనూ ఇమడదు. పాపం దానికీ ఇల్లు దొరకలేదు. సమాసం మాత్రం చక్కనిది: బెడ్రూమూ, హాలూ, కిచెనూ అని విగ్రహం చెప్పుకుంటే ద్వంద్వం. ముందు 2 చేరింది గనుక ద్విగువు. ఆ 2 అనేది బెడ్రూముకే అన్వయిస్తుందా, హాలుకూ కిచెనుకూ కూడానా అని ఊరి నుంచి కొత్తగా వచ్చిన మా అమ్మ సందేహం. బెడ్రూముకే. రెండో బెడ్రూములో డబుల్ కాట్ వేసి, తలుపు పూర్తిగా తెరవగలిగితే అప్పుడు దానికైనా అన్వయించిందని చెప్పొచ్చు.

వైశాల్యం గురించి సూత్రకారుడు మౌనం. అడిగితే "పదకొండు వందల ఎస్ఎఫ్‌టీ" అన్నాడు. అందులో మెట్లు, లిఫ్టు, కారిడారు, వాచ్‌మన్ గది గోడ కూడా మన వాటాకు పడతాయని తర్వాత తెలిసింది. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో నిర్వచించి, కొనేవాడికి అదే చెప్పాలంది. అద్దెకొచ్చేవాడికి ఆ భాగ్యం లేదు. చాప పరిచి కొలుచుకోవాల్సిందే.

ఇక 'అద్దె' మాట. మేం తెనాలి వైపు వాళ్లం, అద్దె అంటాం. ఈ నేల మీది మాట కిరాయి. నిజాంపేటలో రెండూ చెల్లుతాయి గానీ, అర్థంలో భేదం లేకపోయినా ఫలంలో ఉంది. ఫోన్లో "అద్దె ఎంతండీ" అంటే ఒక అంకె, "కిరాయి ఎంతన్నా" అంటే ఇంకో అంకె చెప్పిన మహానుభావులు తగిలారు. ఏ మాటకు ఏది తక్కువ అంటే, అది అవతలివాడి సొంతూరును బట్టి.

24 గంటలు నీళ్లు

ఇది అతిశయోక్తి అలంకారమని కొందరు. నా మట్టుకు ఇది శ్లేష. నీళ్లంటే ఏ నీళ్లు? మంజీరా నీళ్లా, బోరు నీళ్లా, ట్యాంకరు నీళ్లా? మంజీరా అయితే రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో. బోరు అయితే ఫిబ్రవరి దాకా. మార్చి దాటాక 24 గంటలు నీళ్లంటే 24 గంటలూ ట్యాంకరు కోసం ఫోను చేయడమని అర్థం. ఆ ఖర్చు మెయింటెనెన్సులో చేరుతుంది. మెయింటెనెన్సు అద్దెలో చేరదు. కాబట్టి పద్దెనిమిది వేల ఇల్లు వేసవిలో ఇరవై ఒకటి అవుతుంది, అద్దె మాత్రం పద్దెనిమిదే.

నీటి మాటొచ్చింది గనుక ఒక చరిత్ర చెప్పాలి. ఈ ప్రాంతమంతా ఒకప్పుడు చెరువులూ, వాటికి పారే కాల్వలూను. 2016 సెప్టెంబరు వానలకు నిజాంపేటలోని భండారి లేఅవుట్‌లో అపార్ట్‌మెంట్ల సెల్లార్లు మునిగి, నీళ్లు కదలకుండా నిలిచిపోయాయి. ఆ వారం అక్కడ 24 గంటలు నీళ్లు అన్న మాట అక్షరాలా నిజమైంది. సూత్రకారుడు దాన్నే దృష్టిలో పెట్టుకున్నాడా అన్నది వ్యాఖ్యాతలు తేల్చాల్సిన విషయం.

ఫ్యామిలీకి మాత్రమే

ఈ బోర్డు మొత్తానికి ప్రాణం ఇక్కడుంది. 'మాత్రమే' అన్నది అవధారణ. ఏదో ఒకదాన్ని పట్టుకుని మిగతావాటిని నెట్టేస్తుంది. నెట్టబడేవాళ్లు బ్యాచిలర్లని పైకి కనిపించే అర్థం. సరే, ఫ్యామిలీ అంటే ఏమిటి? తార్కికులు లక్షణానికి అవ్యాప్తి, అతివ్యాప్తి దోషాలు ఉండకూడదంటారు. ఇద్దరు అన్నదమ్ములు ఫ్యామిలీయా? కాదు, బ్యాచిలర్లు. భర్త పోయి కూతురితో ఉండే లెక్చరరమ్మ? "మగదిక్కు ఎవరండీ?" అని అడిగారట. మొగుడూ పెళ్లాం ఇద్దరే ఉంటే? ఫ్యామిలీయే, పైగా మెచ్చుకోలు, "నీళ్ల ఖర్చు తక్కువ." మొగుడూ పెళ్లాం ముగ్గురు పిల్లలు ముసలి తల్లిదండ్రులు? ఇంతకంటే నిండు ఫ్యామిలీ లోకంలో ఉండదు గానీ, "పెద్ద ఫ్యామిలీ అండీ, మోటారు ఎక్కువ వెయ్యాలి" అని అది కూడా చెల్లదు. లక్షణం పట్టుబడలేదు. పట్టుబడనివ్వకుండా ఉండటమే దాని ప్రయోజనం.

ఆ మాట లోపల ఇంకో గది ఉంది. ఫోన్లో ఓనర్లు వాక్యాన్ని సగంలో ఆపే పద్ధతి ఒకటి ఉంటుంది: "అంటే, మీరూ..." అని. ఆ మూడు చుక్కల్లో మన ఇంటిపేరు పడాలి. పడకపోతే "నాన్‌వెజ్ తింటారా?" అని ఇంకో దారిన వస్తారు. 'ప్యూర్ వెజ్ ఓన్లీ' అని రాసిన బోర్డులు తిండి గురించి రాసినవని నేను చాలాకాలం నమ్మాను. మా ఆఫీసులో నాతోపాటు ఇల్లు వెతుకుతున్న మిత్రుడొకాయన ఉన్నాడు. పేరు చెప్పేదాకా అన్నీ కుదిరేవి. పేరు చెప్పగానే "అయ్యో, నిన్ననే అయిపోయిందండీ" అనేవారు. ఒకసారి ఆ మాట వినేటప్పటికి ఆయన ఆ గేటు ముందే నిలబడి ఉన్నాడు. బోర్డు గాలికి ఊగుతోంది. నాకు చెబుతూ నవ్వాడు గానీ, ఆ నవ్వుకు నా దగ్గర టీక లేదు.

అద్దె: అధ్యాహారము

వాక్యంలో లేని పదాన్ని అర్థం కోసం తెచ్చి కలుపుకోవడం అధ్యాహారం. మూడు ఆదివారాల్లో నేను చూసిన బోర్డుల్లో అద్దె అంకె రాసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుచేత అంకెను బయటి నుంచి తెచ్చుకోవాలి. ఎక్కడి నుంచి?

సెల్ నంబరులో కారిపోయిన చివరి రెండంకెలు వాచ్‌మన్ చెప్పాడు. పాలమూరు మనిషి. "గా నంబరు నాకు నోటికొస్తది సారూ, రాస్కోండ్రి" అని. ఫోను చేశాను.

"ఎందరుంటారండీ?"

"నలుగురం. మేమిద్దరం, పాప, మా అమ్మ."

"సాఫ్ట్‌వేరా?"

"కాదండీ, ప్రైవేటు కంపెనీ, అకౌంట్సు."

ఇక్కడ చిన్న నిశ్శబ్దం.

"సొంతూరు?"

"తెనాలి దగ్గర."

"ఓహో. అంటే, మీరూ..."

ఆ ఖాళీ పూరించాను. ఆనక నేను అడిగాను, "అద్దె ఎంతండీ?"

"మీరెంత అనుకుంటున్నారు?"

వెతుక్కునేవాడిని అడిగి ధర తెలుసుకోవడం కూరగాయల బజారులో లేదు, బంగారం కొట్లో లేదు. ఇక్కడ ఉంది. నేను పంతొమ్మిది అన్నాను. "చూద్దామండీ, ఇంకా చాలామంది అడుగుతున్నారు, చెబుతా" అని పెట్టేశారు. అంటే అంకె ముందే ఉండి దాచింది కాదు. మనిషి కొలతలు తీసుకున్నాక కుట్టేది. సాఫ్ట్‌వేరు అయితే ఒక కొలత, చదువుకునే పిల్లలున్నవాడైతే ఇంకో కొలత. పిల్లలున్నవాడు రెండేళ్లు కదలలేడు గనుక.

పూర్వపక్షము, సిద్ధాంతము

అద్దెలెందుకు పెరుగుతున్నాయని ప్రశ్న. మా పాత డైరీల్లో పద్దులు తీసి చూశాను: ఇదే వాడలో 2012లో ఏడు వేలు కట్టాం, 2017లో పదిన్నర, ఇప్పుడు పదిహేడు.

మెట్రో వల్ల అంటారు కొందరు. 2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోలుకు రైలు మొదలైంది నిజమే. ఆ మర్నాటి నుంచి ఈ చుట్టుపక్కల బోర్డుల్లో 'మెట్రోకు 5 నిమిషాలు' అన్న పాఠాంతరం పుట్టింది. ఆ అయిదు నిమిషాలు తెల్లవారుజామున మూడింటికి, ఖాళీ రోడ్డు మీద, సొంత బండిలో లెక్క వేసినవి.

కంపెనీల వల్ల అంటారు మరికొందరు. ఇందులో బలముంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి సాఫ్ట్‌వేరు పిల్లలంతా ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఊళ్లకు పోయినప్పుడు, మా వీధిలో గేటుకో బోర్డు వేలాడింది. మా ఓనరుగారు ఆ ఏడు అద్దె పెంచకపోగా, మాకు మామిడిపళ్లు పంపారు. ఆఫీసులు మళ్లీ తెరిచి రమ్మన్నాక బోర్డులు పోయాయి, మామిడిపళ్లూ పోయాయి.

నా సిద్ధాంతం వేరు. బాచుపల్లి అద్దెలు పంచాంగం మీద నడుస్తాయి. ఇంజనీరింగు కాలేజీలు, వీధికొక ఇంటర్ కాలేజీ, బడులు, మందుల కంపెనీలు, అన్నీ ఇక్కడే. పదో తరగతి ఫలితాలు రాగానే గుంటూరు, ఖమ్మం, గోదావరి జిల్లాల నుంచి తల్లులు పిల్లల్ని తీసుకుని వచ్చేస్తారు. తండ్రి ఊళ్లో పొలమో కొట్టో చూసుకుంటాడు, తల్లి ఇక్కడ రెండేళ్లు వంట చేసి పెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎంత చెప్పినా ఇస్తారు, ఎందుకంటే జూన్ ఆగదు. ఆషాఢం రాగానే అంతా చల్లబడుతుంది. శూన్యమాసంలో ఎవరూ పాలు పొంగించరు గనుక, ఖాళీగా ఉన్న ఇల్లు ఖాళీగానే ఉంటుంది. అప్పుడు అడిగితే వెయ్యి తగ్గిస్తారు. ఈ రహస్యం కనిపెట్టి ఇంట్లో చెప్పాను. మా అమ్మ పేపరు దించి నన్ను చూసిన చూపును టీకతో పాడుచేయను.

ఓనర్ల పక్షం కూడా చెప్పకపోతే వ్యాఖ్యాతకు దోషం. డెబ్బై లక్షలు పెట్టి కొన్న ఫ్లాటు నెలకు ఇరవై వేలు ఇస్తే, ఏడాదికి రెండు లక్షల నలభై వేలు. నూటికి మూడున్నర కూడా రావట్లేదు. ఆ డబ్బు బ్యాంకులో వేసినా ఇంతకంటే ఎక్కువ వస్తుంది. అందులోంచే పన్ను, రంగులు, లీకేజీలు. సగం మంది నెలనెలా బ్యాంకుకు కట్టే కిస్తీలో సగానికి కూడా మన అద్దె చాలదు. ఇది నిజమైన బాధే. కాకపోతే ఫ్లాటు ధర పెరిగినప్పటి సంతోషం మాతో పంచుకోరు గదా.

పదకొండు నెలలు

ఇల్లు కుదిరాక వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాస్తారు. వ్యవధి ఎప్పుడూ పదకొండు నెలలే. పన్నెండో నెల ఏమైందని ఈ వాడలో అడిగేవాడు లేడు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ మూలపాఠం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ, ఆ కాగితం సాక్ష్యంగా నిలబడటమూ ఇష్టంలేక పన్నెండో నెలను కోసేశారు. ఆ కోతలోంచే ఏటా కొత్త అగ్రిమెంటు, దానితో పాటు నూటికి అయిదో పదో పెంపు మొలుస్తాయి.

అద్దె అదుపు చట్టం లేదా అంటే ఉంది, 1960 నుంచి ఉంది. అయితే 2005 నాటి సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దెలు దాని గొడుగు కిందికి రావు. నిజాంపేట 2019లో నగరపాలక సంస్థ అయింది. ఇక్కడ 3,500కు ఇల్లు కాదు, ఇద్దరితో కలిసి హాస్టలు మంచం దొరికితే గొప్ప. గొడుగు ఉంది, వాన వేరే వీధిలో పడుతోంది. 2021లో కేంద్రం ఒక నమూనా చట్టం తెచ్చి, అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంది. నమూనా గదా, అద్దాల బీరువాలో పెట్టి చూసుకోవాలి. మాకు మాత్రం ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె పట్టుకోవడం ఆచారంగా వస్తోంది. మేమున్న ఎనిమిదేళ్లలో ఆ గోడలకు ఎవరూ రంగు వేయలేదు, మా పాప తప్ప.

పాన్ నంబరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జీతగాడు అద్దె చూపించి పన్ను తగ్గించుకోవాలంటే, ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ ఇవ్వాలి. అంటే నెలకు 8,333 రూపాయలు. మొన్న ఒకాయన నవ్వుతూనే చెప్పాడు, "పాన్ కావాలంటే నెలకు వెయ్యి ఎక్కువండీ." అక్షరాలూ అంకెలూ కలిపి పదికి అంత పారితోషికం పద్యానికి కూడా లేదు.

తాత్పర్యము

ఓ బాటసారీ, ఈ మేడయందు మూడవ అంతస్తున తూర్పుమొగమై, అరలు గలిగి, నీళ్లున్నవని చెప్పదగిన గృహ మొకటి గలదు. నీవెవరవో ముందు చెప్పుము, పిదప అద్దె చెప్పెదము, లేదా చెప్పము అని సూత్రకారుని ఆశయము.

వ్యంగ్యార్థము

వాచ్యార్థం పైన చెప్పినదే. ఇంతటితో టీక ముగిద్దామనుకున్నాను. మూడో ఆదివారం మళ్లీ ఆ గేటు ముందు నుంచి పోతూ, ఓనరుగారు తిరిగి ఫోను చేయలేదు గనుక, వాచ్‌మన్‌ను పలకరించాను. బోర్డు అక్కడే ఉంది.

"గది ఎప్పుడో అయిపాయె సారూ. మీరు రాకముందు వారమే వాళ్లు పాలు పొంగిచ్చిండ్రు."

"మరి బోర్డు?"

"ఉండనీ అన్నడు మా సారు. రెండో అంతస్తోళ్ల అగ్రిమెంటు జూన్‌ల అయిపోతది గద. ఫోన్లు వస్తుంటయి. ఎవరెంతకడుగుతుండ్రో బుక్కుల రాస్కుంటుండు."

మమ్మటుడు కావ్యప్రకాశంలో వ్యంగ్యానికి కారణాలు చెబుతూ అన్యసన్నిధి అని ఒకటి పెట్టాడు. మాట ఒకరితో, గురి పక్కన నిలబడి వింటున్న మూడోవారి మీద. వీధిలో ఎండన పడి తిరిగే నాతో మాట్లాడుతున్నట్టు కనిపిస్తూ, ఈ బోర్డు ఇన్నాళ్లూ రోజూ ఇదే గేటులోంచి వచ్చిపోయేవాళ్లతో మాట్లాడుతోంది.

తల ఎత్తి చూశాను. రెండో అంతస్తు బాల్కనీలో ఒకావిడ బట్టలు ఆరేస్తూ మా వంక చూస్తోంది. వాళ్లు కట్టేది పదహారున్నర అని వాచ్‌మన్ గొంతు తగ్గించి చెప్పాడు.

నేను ఆవేళ ఫోన్లో పంతొమ్మిది అన్నాను.